బిడ్డకు మొదటి టీకా అమ్మ చేతికే

(చంద్రగిరి దగ్గర ఒక పల్లెలో, బడి ఆవరణలో గర్భిణులతో, వాళ్ళ ఇంటివాళ్ళతో ఒక ప్రసూతి వైద్యురాలు మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరూ నిలబడొద్దమ్మా, వేపచెట్టు కింద కుర్చీలు వేశారు, వచ్చి కూర్చోండి. అత్తలూ అమ్మలూ ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. నేను చెప్పబోయే మాటల్లో సగం మీకే. మన ఇళ్ళల్లో కోడలు సూది వేయించుకోవాలా వద్దా అన్నది కోడలు ఒక్కతే తేల్చుకునే సంగతి కాదు. "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? మేము కనలేదా?" అని పెద్దావిడ ఒక్క మాట అంటే చాలు, ఆ పిల్ల ఆసుపత్రి గడప దాకా వచ్చి వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. ముప్పై ఏళ్ళుగా కాన్పులు చేస్తున్నాను. అలా వెళ్ళిపోయినవాళ్ళను చాలామందిని చూశాను.

ఆ పెద్దావిడది తప్పని నేను అనను. కడుపులో బిడ్డకు ఏమవుతుందో అన్న భయంతోనే ఆ మాట అంటుంది. కాబట్టి ఆ బిడ్డ సంగతితోనే మొదలుపెడతాను.

బిడ్డ పుట్టగానే ఆసుపత్రిలో ఏమేమి వేస్తారు? క్షయ రాకుండా బీసీజీ, నోట్లో పోలియో చుక్కలు, కామెర్ల జబ్బు హెపటైటిస్ బీ రాకుండా ఒక సూది. ఆ తర్వాత? ఆరు వారాలు నిండాక పెంటావాలెంట్, అంటే ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా. ధనుర్వాతం, కోరింత దగ్గు, కంఠసర్పి అంటే డిఫ్తీరియా, ఈ మూడింటికీ బిడ్డకు మొదటి మందు ఆ పెంటావాలెంట్‌లోనే ఉంది. అది కూడా ఒక్క డోసుతో సరిపోదు, 10 వారాలకు ఒకటి, 14 వారాలకు ఒకటి పడాలి. మరి పుట్టిన రోజు నుంచి ఆ ఆరు వారాలూ బిడ్డను కాచేది ఎవరు? పురుడు పోసే రోజులు, చుట్టాలంతా వచ్చి చూసిపోయే రోజులు, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి బిడ్డ మారే రోజులు అవే కదా.

ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు మనం ఒట్టి చేతులతో పంపం. ఉన్నంతలో సారె పెట్టి పంపుతాం. కడుపులో బిడ్డకు కూడా అమ్మ అలాగే సారె పెడుతుంది. మన రక్తంలో జబ్బులను ఎదిరించే యాంటీబాడీలు ఉంటాయి. అవి మాయ, అంటే ప్లాసెంటా, గుండా బిడ్డ రక్తంలోకి వెళ్తాయి. నాలుగో నెలలో కొద్దికొద్దిగా మొదలవుతుంది, ఏడో నెల దాటాక జోరందుకుంటుంది, చివరి నాలుగు వారాల్లో బాగా ఎక్కువగా వెళ్తాయి. నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో ఇవి తల్లి రక్తంలో కన్నా ఎక్కువే ఉండొచ్చు. ఈ సంగతి మొదటిసారి చదువుకున్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఎవరూ చెప్పకుండానే తల్లి ఒళ్ళు తన దగ్గర ఉన్నదానికన్నా ఎక్కువ మూట కట్టి పంపుతోంది.

కానీ అమ్మ దగ్గర ఉంటేనే కదా పెట్టేది? మీ ఒంట్లో కోరింత దగ్గును ఎదిరించే యాంటీబాడీలు తగ్గిపోయి ఉంటే బిడ్డకు వెళ్ళేవీ అంతంత మాత్రమే. కడుపుతో ఉన్నప్పుడు వేసే టీకా పని అదే, అమ్మ చేతిని నింపడం. సూది మీ చేతికే పడినా అందులో సగం బిడ్డ వాటా. టీకా వేశాక యాంటీబాడీలు తయారవడానికి రెండు వారాలు పడుతుంది, అవి బిడ్డకు చేరడానికి మరికొంత సమయం కావాలి. అందుకే "ఎప్పుడో ఒకప్పుడు వేయించుకుంటాలే" అంటే కుదరదు.

ఇక ధనుర్వాతం. ఇక్కడ పాతికేళ్ళలోపు వాళ్ళు పసిబిడ్డల ధనుర్వాతం చూసి ఉండరు. నేను చూశాను. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో, పిల్లల వార్డులో చివరి గది. కిటికీలకు మందపాటి గుడ్డలు కట్టి చీకటి చేసి ఉంచేవాళ్ళు. లోపలికి వెళ్ళేటప్పుడు చెప్పులు బయటే విడవాలి, తలుపు చప్పుడు కాకూడదు. ఎందుకంటే చిన్న చప్పుడైనా, కాస్త వెలుతురు పడినా ఆ బిడ్డ ఒళ్ళంతా విల్లులా వంగిపోయేది. పేరులోనే ఉంది కదా, ధనుస్సు. నేను చూసిన బిడ్డ ఎనిమిది రోజుల పాప. పుట్టినప్పుడు బాగా ఏడ్చిందట, రెండు రోజులు పాలు బాగా తాగిందట. తర్వాత దవడ బిగుసుకుపోయింది, నోరు తెరవదు. తల్లి రొమ్ములు పాలతో బరువెక్కి, చీర తడిసిపోయి, గది బయట నేల మీద కూర్చుని ఉంది. ఒక స్టీలు మంచాన్ని ఎవరో జరిపారు. ఆ చప్పుడుకు లోపల పాప వంగిపోవడం నేను చూశాను. తెల్లారేసరికి పాప లేదు.

ఇంట్లోనే కాన్పయింది, బొడ్డు కొడవలితో కోశారు, బొడ్డు మీద పేడ బూడిద రాశారు. అంతకుముందు తరాల్లో ఎన్నో ఇళ్ళల్లో చేసినదే వాళ్ళూ చేశారు. ఆ తల్లికి కడుపుతో ఉన్నప్పుడు రెండు సూదులు పడి ఉంటే ఆ పాపకు ఇప్పుడు మీ వయసు ఉండేది.

ఈ జబ్బును అదుపు చేయడంలో మన రాష్ట్రం ముందు నడిచింది, అది మీరు గర్వంగా చెప్పుకోవచ్చు. దేశంలో తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన రాష్ట్రంగా మొదట నిర్ధారించింది ఆంధ్రప్రదేశ్‌నే, 2003లో. చివరిగా నాగాలాండ్ 2015లో ఆ గీత దాటాక దేశం మొత్తానికీ ఆ పేరు వచ్చింది. అయితే నిర్మూలన అంటే సున్నా అని కాదు. ప్రతి జిల్లాలో బతికి పుట్టిన వెయ్యి మంది బిడ్డలకు ఒక్క కేసు కన్నా తక్కువ అని అర్థం. మశూచిలాగా ఇది భూమ్మీద నుంచి పోయే జబ్బు కాదు. ఆ క్రిమి మట్టిలో ఉంటుంది, పేడలో ఉంటుంది. మనది పాడికి పేరున్న ప్రాంతం, పొద్దున్నే పేడ ఎత్తని ఇల్లు మన పల్లెల్లో ఎన్ని ఉంటాయి? ఈ జబ్బు మనిషి నుంచి మనిషికి అంటదు. కాబట్టి పక్కింటివాళ్ళందరూ టీకా వేయించుకున్నా మీకు రక్షణ రాదు. ఎవరి సూది వాళ్ళే వేయించుకోవాలి.

అప్పట్లో టీటీ అనేవాళ్ళం, ఇప్పుడు టీడీ. ధనుర్వాతానికి తోడు కంఠసర్పి మందు కూడా కొద్ది మోతాదులో కలిపారు. ఇందులో బతికున్న క్రిమి ఏదీ ఉండదు. క్రిమి చిమ్మే విషాన్ని హాని చేయకుండా మార్చి ఇస్తారు, అంతే. దీనివల్ల ఆ జబ్బు వచ్చే అవకాశమే లేదు. గర్భం అని తెలిసి పేరు రాయించుకోగానే మొదటి సూది, నాలుగు వారాలు ఆగి రెండోది. పీహెచ్‌సీలో, టీకాల రోజున మీ ఊళ్ళో ఏఎన్‌ఎం దగ్గర ఉచితంగా వేస్తారు. ఎనిమిదో నెలలో మొదటిసారి వచ్చినా వేస్తాం. ఆలస్యమైందని మానేయొద్దు.

ఏమ్మా, చెయ్యి ఎత్తావు? మొదటి కాన్పులో రెండూ వేయించుకున్నావు, ఇప్పుడు మళ్ళీ ఎందుకు అనా? మంచి ప్రశ్న. మొదటి బిడ్డకు ఎన్నేళ్ళు? రెండేళ్ళా? అయితే నీకు ఒక్కటి చాలు. గత గర్భంలో రెండు డోసులూ పడి, మూడేళ్ళలోపు మళ్ళీ గర్భం వస్తే ఒక్క బూస్టర్ వేస్తారు. మూడేళ్ళు దాటితే మళ్ళీ రెండు. ఆ పాత కార్డు ఇంట్లో ఉంటే తీసి పెట్టుకో.

నేను ఈరోజు పని మానుకుని వచ్చింది మాత్రం కోరింత దగ్గు గురించి చెప్పడానికి.

కొన్నేళ్ళ కిందట పుత్తూరు వైపు నుంచి ఒక బిడ్డను రాత్రి పదకొండు గంటలకు తెచ్చారు. 26 రోజుల బాబు. "దగ్గు లేదమ్మా, ఊరికే నీలంగా అయిపోతున్నాడు" అంది తల్లి. పసిబిడ్డల్లో ఈ జబ్బు అలాగే వస్తుంది. పెద్ద పిల్లల్లా కూత పెట్టి దగ్గడం ఉండదు, ఒక్కోసారి అసలు దగ్గే ఉండదు. ఊపిరి ఆగిపోతుంది. నేను చూస్తుండగానే బాబు పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి, చేతులు వేలాడిపోయాయి. నర్సు అరికాలి మీద తట్టి ఆక్సిజన్ పెడితే ఒక్క పెద్ద ఊపిరి తీసి ఏడ్చాడు. ఆ ఏడుపు వినగానే అక్కడ ఉన్న అందరికీ ప్రాణం లేచొచ్చింది. పది నిమిషాలకు మళ్ళీ అదే. ఆ రాత్రంతా అదే. పక్కన నిలబడ్డ నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. మూడు వారాలుగా దగ్గేనట. బిడ్డకు రోజూ నీళ్ళు పోసింది, కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాసింది ఆవిడే. పెద్దవాళ్ళకు అది మామూలు మొండి దగ్గులాగే ఉంటుంది, ఆవిడకు ఎలా తెలుస్తుంది?

బాబు బతికాడు. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. కానీ ఆ తల్లి నన్ను ఒకటి అడిగింది. "దీనికి టీకా లేదా మేడం?" ఉంది. బాబుకు ఇంకా వేళ కాలేదు, వాళ్ళమ్మకు మాత్రం వేళ ఎప్పుడో అయింది. ఏడో నెలలో ఆ అమ్మాయిని పరీక్ష చేసింది నేనే. బీపీ చూశాను, రక్తం చూశాను, స్కానింగ్ చూశాను. ఈ మాట చెప్పలేదు. ఆ రోజు నుంచి ఏడో నెలతో నా ముందు కూర్చున్న ఏ పిల్లకూ ఈ మాట చెప్పకుండా పంపలేదు.

ఆ టీకా పేరు టీడాప్. టీడీలో ఉన్న రెండింటికీ తోడు కోరింత దగ్గు మందు కూడా ఉంటుంది. 27 నుంచి 36 వారాల మధ్య, అంటే ఏడో నెల నుంచి తొమ్మిదో నెల మొదట్లోపు వేయించుకోవాలి. మాయ గుండా యాంటీబాడీలు జోరుగా వెళ్ళే సమయం అదే. మన దేశంలో ప్రసూతి వైద్యుల సమాఖ్య ఫాగ్సీ దీన్ని సిఫార్సు చేస్తోంది. ఇంగ్లండ్‌లో 2012 నుంచి గర్భిణులందరికీ ప్రభుత్వమే వేస్తోంది. కోరింత దగ్గు యాంటీబాడీలు మన ఒంట్లో తొందరగా తగ్గిపోతాయి, అందుకే ప్రతి గర్భంలోనూ వేయించుకోవాలి. మొదటి సూది టీడీ వేయించుకుని, రెండో సూది స్థానంలో ఆ వారాల్లో టీడాప్ వేయించుకోవచ్చు. రెండో టీడీ అప్పటికే పడిపోయినా ఫరవాలేదు, టీడాప్ వేయించుకోవచ్చు.

ఇక్కడ ఒక కష్టం ఉంది, దాచను. ప్రభుత్వం ఉచితంగా వేసేది టీడీయే. టీడాప్ బయట కొనుక్కోవాలి, వెయ్యి రూపాయలు దాటుతుంది. సీమంతానికి అయ్యే ఖర్చులో అది ఎంత అని నాకు అనిపిస్తుంది. అయినా అందరి ఇళ్ళూ ఒకటి కాదని నాకు తెలుసు. కొనలేకపోతే బాధపడకండి. టీడీ మాత్రం వదలొద్దు, దగ్గు ఉన్నవాళ్ళను బిడ్డ దగ్గరికి రానివ్వొద్దు, ఆరు వారాలు నిండిన వెంటనే పెంటావాలెంట్ వేయించండి. బిడ్డకు జలుబని, ఊళ్ళో పండగని వాయిదా వేయొద్దు.

ఫ్లూ టీకా కూడా ఇలాంటిదే. కడుపు పెరిగే కొద్దీ, అంటే నెలలు నిండే కొద్దీ, ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది. గుండె ఎక్కువ పని చేయాల్సి వస్తుంది. అందుకే మామూలు మనిషికి నాలుగు రోజుల్లో తగ్గే ఫ్లూ గర్భిణికి న్యుమోనియా దాకా పోవచ్చు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు ప్రపంచమంతా చూసింది ఇదే. ఫ్లూ టీకాలు వేయడంలో గర్భిణులకు అందరికన్నా ముందు చోటు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. తిరుపతి చుట్టుపక్కల ఉన్నవాళ్ళం మనం. దేశం నలుమూలల నుంచీ జనం రోజూ కొండకు వస్తారు. మీ ఇళ్ళల్లో ఒకరు ఘాట్ రోడ్డులో జీపు నడుపుతారు, ఒకరు హోటల్లో పని చేస్తారు, ఒకరు అలిపిరిలో పూలు అమ్ముతారు. ఎక్కడో తిరుగుతున్న జలుబు సాయంత్రానికి మీ ఇంటికి రావడానికి ఎంతసేపు? బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వేయరు, అప్పటిదాకా మీరిచ్చిందే. చేతికి వేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు, ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. ముక్కులో చిమ్మే రకం మాత్రం గర్భిణులకు పనికిరాదు. ఇది కూడా బయట కొనుక్కోవాల్సిందే.

సూది పడిన చోట ఒకటి రెండు రోజులు నొప్పి ఉంటుంది, కొంచెం ఒళ్ళు వెచ్చబడొచ్చు. పారాసిటమాల్ వేసుకోవచ్చు. అరగంట అక్కడే కూర్చుని వెళ్ళండి. అంతకుముందు ఏ టీకాకైనా ఊపిరి ఆడకపోవడం, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి ఉంటే ముందే చెప్పండి.

కడుపుతో ఉన్నప్పుడు వేయించుకోకూడనివి కూడా ఉన్నాయి. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా. ఇవి బలహీనపరిచిన, కానీ బతికున్న వైరస్‌తో చేసినవి. రుబెల్లా తల్లికి చిన్న జ్వరం, నాలుగు దద్దుర్లు, అంతే. కానీ మొదటి మూడు నెలల్లో వస్తే బిడ్డకు కళ్ళల్లో శుక్లాలు, చెవుడు, గుండెలో లోపం. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు పుట్టుకతోనే శుక్లాలున్న పసిపిల్లలను వరసగా చూసి, వాళ్ళ తల్లులకు గర్భంలో రుబెల్లా వచ్చిందని కనిపెట్టాడు. కాబట్టి ఈ టీకా పెళ్ళికి ముందో, గర్భం అనుకోకముందో పడాలి, పడ్డాక ఒక నెల ఆగాలి. 2017లో మన రాష్ట్రంలో 15 ఏళ్ళలోపు పిల్లలకు బడుల్లోనే మీజిల్స్ రుబెల్లా టీకా వేశారు. మీలో చిన్నవాళ్ళకు గుర్తుండాలి. ఇంట్లో పెళ్ళికి ఉన్న చెల్లెళ్ళు, ఆడపడుచులు ఉంటే వాళ్ళకు పడిందో లేదో అడగండి. ఒకవేళ గర్భం అని తెలియక ఎవరైనా వేయించుకుని ఉంటే కంగారుపడొద్దు. దానికోసం గర్భం తీయించుకోవాల్సిన అవసరం లేదు. మాకు చెప్పండి, చాలు.

ఆటలమ్మ అంటే మన దగ్గర అమ్మోరు పోసింది అంటాం. వేపాకు పరచండి, గంగమ్మకు అంబలి పోయండి, నేను వద్దనను. కానీ ఇంట్లో ఎవరికైనా అమ్మోరు పోస్తే కడుపుతో ఉన్న పిల్లను ఆ రోజే డాక్టరుకు చూపించండి. కాన్పు దగ్గరపడ్డాక తల్లికి వస్తే పుట్టిన బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది.

కుక్క కాటు. ఇది గట్టిగా చెప్తాను. గర్భిణి కదా అని కుక్క కాటు సూదులు ఆపేసిన ఇళ్ళు ఉన్నాయి. రేబిస్ వచ్చాక మనిషి బతకడం దాదాపు ఉండదు, తల్లి పోతే బిడ్డా పోతుంది. గర్భంలో ఈ టీకా నిశ్చింతగా వేయించుకోవచ్చు. కరిచిన చోట సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. పసర్లు, కారం, సున్నం ఏమీ పెట్టొద్దు. ఆ రోజే ఆసుపత్రికి. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే ఆ రోజు, తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. గాయం లోతుగా ఉంటే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీల మందు కూడా వేస్తారు. కొండ మెట్ల మీద కోతి గీరినా ఇంతే.

చివరిగా, మన ఆచారంలోనే ఉన్న ఒక చిక్కు. ఏడో నెలలో సీమంతం చేసి, ఏడులోనో తొమ్మిదిలోనో పిల్లను పుట్టింటికి పంపుతాం. టీడాప్ వేళ సరిగ్గా అదే. ఇక్కడి ఏఎన్‌ఎం పిల్ల పుట్టింట్లో వేయించుకుంటుందని అనుకుంటుంది, అక్కడి ఏఎన్‌ఎం అత్తారింట్లో వేయించుకునే వచ్చిందని అనుకుంటుంది. కార్డు మాత్రం ఇక్కడ బీరువాలో చీరల కింద ఉంటుంది. కాన్పుకని చెన్నైకో బెంగళూరుకో వెళ్ళేవాళ్ళకు మరీ ఇబ్బంది. అక్కడ కార్డు లేకపోతే ఏం పడింది, ఏం పడలేదు ఎలా తెలుస్తుంది? సీమంతం రోజు గాజులు, పూలు సర్దేటప్పుడు ఆ తల్లీబిడ్డల కార్డు కూడా సంచిలో పెట్టండి. ఫోనులో దానికి ఒక ఫోటో తీసి భర్త దగ్గర కూడా ఉంచండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు ఉంటాయి, పుట్టింట్లో ఉన్నా అక్కడ చూపించుకోవచ్చు. హెపటైటిస్ బీ రక్త పరీక్ష అయిందో లేదో అప్పుడు అడగండి. తల్లికి అది ఉందని ముందే తెలిస్తే, పుట్టిన బిడ్డకు ఏ మందు ఎంత తొందరగా వేయాలో సిద్ధంగా ఉంటాం.

అవ్వా, చెప్పండి. మీకు దగ్గు ఉంది, మనవడో మనవరాలో పుట్టబోతోంది, ఎత్తుకోకూడదా అంటున్నారా? ఎత్తుకోవాలి, ఎందుకు ఎత్తుకోరు! ఎన్నాళ్ళుగా దగ్గు? నెలా? అయితే రేపే పీహెచ్‌సీకి రండి, ఎందుకో చూద్దాం. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష కూడా చేయించాలి. కాన్పుకు ఇంకా రెండు నెలలుందిగా, ఈలోపు మందులు వాడుకోవచ్చు. అప్పటికీ తగ్గకపోతే తగ్గేదాకా బిడ్డ దగ్గరికి వెళ్ళకండి, నీళ్ళు పోసేది ఇంకొకరు చేస్తారు. మీ కోడలు ఇక్కడే ఉందా? ఎన్నో నెలమ్మా? ఏడు దాటిందా? కార్డు తెచ్చావా? వరండాలో ఏఎన్‌ఎం అక్క కూర్చుని ఉంది, ముందు నీ కార్డే చూద్దాం రా.